చెవులు అమ్ముకున్నోడు కాదు, కొన్నోడు జవాబు చెప్పాలె!

మిలియన్ మార్చ్‌కు ముందు రోజులు గుర్తు చేసుకోండి. అది 2011 మార్చి. ఊరి గుడి అరుగు మీద పది మంది కూర్చుని ఎవరెవరు పట్నం పోవాలె, ఏ బాట పడితే నాకాబందీలో దొరకమని మాట్లాడుకున్నారు. తెల్లారకముందే జీపు వచ్చింది. ఎస్సై చేతిలో కాగితం. కాగితం మీద ఆ పది పేర్లే, ఇంటిపేర్లతో సహా. ముందస్తు అరెస్టు, ఆ వెంటనే తహసీల్దార్ ముందు బైండోవర్. ఏ ఊరు అని అడగకండి. ఏ ఊరి పేరైనా ఇక్కడ రాసుకోవచ్చు. 2013 జూన్ 14న చలో అసెంబ్లీకి ముందు కూడా ఇదే తంతు.

స్టేషన్ బెంచీ మీద కూర్చున్న పది మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “మన ముచ్చట ఎవడు మోసిండు?” అని లోలోపల కుమిలిపోయారు. ఆ రోజు నుంచి ఒకరి ఇంట్లో ఒకరు చాయ్ తాగడం కూడా తగ్గింది. సర్కారుకు కావలసింది అదే. ఒక్క లాఠీ లేవకుండా పది మంది పది ముక్కలయ్యారు. మోసినోడి కోసం అందరూ వెతికారు. మోయించినోడిని ఒక్కరూ అడగలేదు. కాగితం రాయించుకున్న సారు మాత్రం ప్రమోషన్ మీద మరో జాగకు పోయాడు.

మేం ఇవాళ ఆ మోయించినోడి గురించే రాస్తున్నాం. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది, పాత పుండ్లు ఎందుకు గెలుకుతారని కొందరు మిత్రులు అడుగుతారు. పాతదైతే గెలికేవాళ్లం కాదు. ఆంధ్రా పాలకులు మన మీద పెంచిన చెవులను మన రాష్ట్రం కోసుకోలేదు. పేరు మార్చి, బోర్డు మార్చి, అట్లనే మోసుకొచ్చింది. అందుకే రాస్తున్నాం.

పోలీసు పటేల్ నుంచి ఎస్ఐబీ దాకా

ఈ పని మన నేలకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో ప్రతి ఊరికీ పోలీసు పటేల్ ఉండేవాడు. ఊర్లోకి కొత్త మనిషి వచ్చినా, నలుగురు కూడి సంఘం మాట ఎత్తినా అమీన్‌కు కబురు చేరేసేది అతనే. సాయుధ పోరాట కాలంలో ఏ ఇంట్లో దళం అన్నం తిన్నదో గడికి తెలిసింది అంటే, ఎవరో చెప్పారనే కదా. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఆ కుర్చీ పోయింది కానీ ఆ పని పోలేదు.

1969లో మన విద్యార్థులు రోడ్డెక్కినప్పుడు నాయకులను ముందస్తు నిర్బంధం కింద పట్టుకుపోయి రాజమండ్రి జైల్లో పెట్టారు. ముందస్తు నిర్బంధం అంటేనే నేరం జరగకముందే పట్టుకోవడం. జరగని నేరానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? చెవుల దగ్గరే దొరుకుతుంది. ఆ తర్వాత నక్సలైట్ల పేరు మీద స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి, అదే మనం ఎస్ఐబీ అనేది, పుట్టింది. నక్సలైట్ల కోసం పెట్టిన చెవి నక్సలైట్ల దగ్గరే ఆగిందా? సంఘం పెట్టినోని దగ్గరికి వచ్చింది. పాట పాడినోని దగ్గరికి వచ్చింది. 2009 నవంబర్ 29 తర్వాత ఉస్మానియా, కాకతీయ హాస్టళ్ల మెస్సుల దాకా వచ్చింది.

ఇన్‌ఫార్మర్ పుట్టడు, తయారు చేస్తారు

విద్యార్థి మిత్రులారా, ఇది ఎట్ల జరుగుతదో మీకు మేం చెప్పనక్కర లేదు. పేదింటి పిలగాడు. తల్లిదండ్రులు కూలికి పోయి చదివిస్తున్నారు. రాస్తారోకోలో కేసయింది. మఫ్టీలో ఒకాయన వచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు. “తమ్మీ, కేసుంటే సర్కారు కొలువు రాదు. రేపు వెరిఫికేషన్‌కు మా దగ్గరికే కాయిదం వస్తది. నీ బాగు కోసమే చెప్తున్న. అప్పుడప్పుడు ఫోన్ చెయ్యి, చాలు.” అడిగింది ఎంత చిన్న సాయం! రేపు మీటింగ్ ఎన్ని గంటలకు, ఎవరు మాట్లాడుతారు, అంతే. ఒకసారి చెప్పిన పిలగాడు రెండోసారి చెప్పనంటే, మొదటిసారి చెప్పిన సంగతి దోస్తులకు తెలుస్తదని బెదిరిస్తాడు. పిలగాని మెడకు తాడు పడ్డట్టే.

ఉద్యోగి సంగతి ఇంకో తీరు. బదిలీ, ప్రమోషన్, పెండింగ్ ఎంక్వయిరీ. ఈ మూడింటిలో ఒకటి లేని ఉద్యోగి ఎవరు? 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె నడిచింది. సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా జీతం లేకుండా పస్తులున్న ఉద్యోగుల ముందు సర్కారు ఎస్మా బెదిరింపు పెట్టింది. ఆ రోజుల్లో ఏ ఆఫీసులో ఎవరు తాళం వెయ్యమన్నారు, లంచ్ అవర్‌లో ఎవరు నినాదం ఇచ్చారు అన్న లెక్క పైకి చేరిందంటే గోడలు చెప్పలేదు. కుర్చీల్లో ఉన్నవాళ్లతో చెప్పించారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సమాచారానికి పైసలిచ్చే చోట సమాచారం లేదంటే పైసలుండవు. అందుకని ఏమీ జరగని రోజు కూడా ఏదో ఒకటి జరగాలి. చాయ్ దుకాణం కాడ నలుగురు నవ్వుకుంటే అది రహస్య సమావేశం అవుతుంది. అల్లుడి ఇంటికి పోయినోడు దళం దగ్గరికి పోయినోడవుతాడు. భూమి పంచాయితీ ఉన్న పాలోడి పేరు ముందుగాల ఎక్కుతుంది. ఆ మాటకు సాక్షి లేడు, సంతకం లేదు, ఎదురు ప్రశ్న లేదు. కోర్టులో అబద్ధం చెప్పినోడిని వకీలు నిలదీస్తాడు. చెవిలో చెప్పిన అబద్ధాన్ని నిలదీసేదెవరు?

ఉద్యోగ మిత్రులు ఒకటి ఆలోచించండి. మీ మీద పై అధికారి ప్రతి ఏడూ రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు ఉంది కదా. అందులో ఏ గ్రేడు వేసినా మీకు తెలియజెప్పాల్సిందేనని, తెలియజెప్పకపోతే అది అన్యాయమని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రమోషన్‌కు సంబంధించిన ఒక్క ముక్కనే దాచొద్దన్నప్పుడు, మనిషిని అర్ధరాత్రి ఇంట్లోంచి లేపుకుపోయే కాగితాన్ని ఎట్లా దాస్తారు?

పెంచిన కుక్క పులి అయినప్పుడు

చెవితోనే ఆగితే ఇంత బాధ ఉండకపోవు. చెప్పేటోడి చేతికి తుపాకీ కూడా ఇచ్చారు. నయీం కథ ఎవరికి తెలియదు? నక్సలైట్‌గా మొదలై, 1993లో ఐపీఎస్ అధికారి వ్యాస్ హత్య కేసులో నిందితుడై, తర్వాత పోలీసులకే పనికొచ్చే మనిషయ్యాడు. ఒక ఐపీఎస్‌ను చంపిన కేసులో ఉన్నోడు అన్నేండ్లు భూములు కబ్జా చేసుకుంటూ, జనాన్ని బెదిరించుకుంటూ ఎట్లా తిరిగాడు? ఎవరి నీడలో తిరిగాడు?

1999 మేలో భువనగిరి బిడ్డ, తెలంగాణ పాట బెల్లి లలితను ముక్కలు ముక్కలుగా నరికి చంపారు. నయీం ముఠా పనేనన్న ఆరోపణ అప్పటి నుంచి ఉంది. 2000 నవంబర్‌లో పౌరహక్కుల సంఘం నాయకుడు పురుషోత్తంను హైదరాబాద్‌లో, 2001 ఫిబ్రవరిలో ఆజం అలీని నల్లగొండలో నరికారు. గ్రీన్ టైగర్స్ అని ఒక పేరు బయటికి వచ్చింది. 2005లో పాలమూరు గడ్డ మీద ఉపాధ్యాయుడు కనకాచారిని కోబ్రాల పేరు మీద చంపారు. పులులట, పాములట! అడవిలో లేని ఈ జంతువులు ఎవరి దొడ్లో పెరిగాయో చెప్పిన ప్రభుత్వం లేదు.

2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో నయీంను ఎన్‌కౌంటర్ చేశారు. సిట్ వేశారు. కొందరు పోలీసు అధికారుల మీద 2017లో సస్పెన్షన్ వేటు పడింది. అప్పటికి వచ్చింది మన రాష్ట్రం, మన ప్రభుత్వం. బెల్లి లలితకు నివాళి అర్పించిన ప్రభుత్వం. అయినా అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. నయీం ఎవరి మనిషి? అతని నోరు శవంతో పాటు మూతపడింది. మరి అతని వెనుక ఉన్న ఫైళ్ల నోరు ఎవరు మూశారు?

పెద్దోళ్ల చాడీకి సీల్డ్ కవర్

చాడీ మోసేది పేదోడే అనుకుంటే పొరపాటు. పేదోడు మోస్తే దాని పేరు ఇన్‌ఫార్మర్ పని. పెద్దోళ్లు మోస్తే దాని పేరు సీల్డ్ కవర్.

2010 ఫిబ్రవరిలో శ్రీకృష్ణ కమిటీని వేశారు. కమిటీ ఊరూరూ తిరిగింది. మనం దండాలు పెట్టి, వినతిపత్రాలు ఇచ్చి, మన గోస చెప్పుకున్నాం. డిసెంబర్ 30న రిపోర్టు ఇచ్చారు. 2011 జనవరి 6న బయటపెట్టారు. ఎనిమిదో అధ్యాయం మాత్రం బయటికి రాలేదు. దాన్ని సీల్డ్ కవర్‌లో హోం శాఖకు ఇచ్చారు. 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి తీర్పు చెప్పేదాకా ఆ కవర్‌లో ఏముందో మనకు తెలియదు. రాజకీయ నాయకులను ఎట్లా మేనేజ్ చెయ్యాలె, మీడియాను ఎట్లా మేనేజ్ చెయ్యాలె, బలగాలను ఎట్లా సిద్ధం చెయ్యాలె అన్నది అందులోని సరుకని ఆ తీర్పుతో లోకానికి తెలిసింది. దాన్ని బయటపెట్టొద్దనే కేంద్రం వాదించింది.

మన ఇంట్లో మజ్జిగ తాగి, మన గోస విని, మనల్ని ఎట్లా అణచాలో చెవిలో చెప్పడం. దీన్ని ఏమంటారు? గుడి అరుగు ముచ్చట మోసిన పిలగాన్ని ద్రోహి అన్న నోళ్లు ఈ పెద్దమనుషులను ఏమన్నాయి? పండితులన్నాయి.

ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర కూడా కత్తే

ఇక్కడ మన వైపు కూడా తిరిగి చూసుకోవాలి. లేకపోతే ఈ రాతకు అర్థం లేదు.

ఇన్‌ఫార్మర్ పేరు పెట్టి అడవి పార్టీ ఎంత మందిని చంపిందో తెలంగాణ పల్లెలకు తెలుసు. చచ్చినోళ్లు దొరలు కాదు. ఎక్కువ మంది దళితులు, ఆదివాసులు, బీసీ కూలీలు. రాత్రి దళం వచ్చి అన్నం అడుగుతుంది. పొద్దున పోలీసు వచ్చి రాత్రి ఎవరొచ్చారని అడుగుతాడు. చెప్పకపోతే స్టేషన్, చెప్తే చావు. ఈ రెండింటి నడుమ నలిగినోన్ని ద్రోహి అనడానికి మనకు నోరెట్లా వస్తుంది? ఎన్‌కౌంటర్లను ఎండగట్టిన బాలగోపాల్ ఈ హత్యలను కూడా అంతే గట్టిగా ఖండించారు. అప్పుడు ఆయన్ను తిట్టినోళ్లు ఉన్నారు. కానీ ఆయన అడిగింది సరైన ప్రశ్న. విచారణ లేకుండా చంపే హక్కు సర్కారుకు లేదన్నోళ్లకు, ఆ హక్కు తమకు మాత్రం ఎక్కడిది?

మన ఉద్యమంలో చంపుకోలేదు. కానీ “కోవర్టు” అన్న మాటను రాళ్ల లెక్క విసురుకున్నాం. నాయకుడి తప్పును ఎత్తి చూపితే కోవర్టు. జేఏసీ లెక్కలు అడిగితే కోవర్టు. వేరే జెండా పట్టి జై తెలంగాణ అంటే కోవర్టు. చాటుగా చెప్పే చాడీకి, అందరి ముందు నిలబడి అడిగే ప్రశ్నకు తేడా తెలియని ఉద్యమాన్ని పోలీసులు పగలగొట్టనక్కర లేదు. అదే పగులుతుంది.

పేరు ఎవరిది దాస్తారు, ఎవరిది బయటపెడతారు?

“నేరం గురించి పోలీసుకు చెప్పడం తప్పా? అవినీతి గురించి చెప్పినోడు కూడా ఇన్‌ఫార్మరేనా?” అని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్న. తేడా తెలుసుకోవడానికి సత్యేంద్ర దూబే పేరు ఒక్కటి చాలు. బీహార్ బిడ్డ. జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీరు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో జరుగుతున్న దోపిడీ గురించి ప్రధాని కార్యాలయానికి లేఖ రాశాడు. నా పేరు గోప్యంగా ఉంచండని వేడుకున్నాడు. ఆ లేఖ పేరుతో సహా ఆఫీసు ఆఫీసూ తిరిగింది. 2003 నవంబర్ 27న గయలో కాల్చి చంపారు.

ఇప్పుడు ఇంకో పక్క చూడండి. నేరం సంగతి నీకు ఎవరు చెప్పారని పోలీసును బలవంతపెట్టి అడగడానికి వీల్లేదని 1872 సాక్ష్య చట్టం 125వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చినా ఆ రక్షణ అట్లనే ఉంది. గుడి అరుగు ముచ్చట మోసినోడి పేరు దాయడానికి నూటయాభై ఏళ్ల చట్టం. కాంట్రాక్టర్ల దోపిడీ చెప్పిన దూబే పేరు దాయడానికి ఒక్క గుమస్తా లేడు. అవినీతిని బయటపెట్టేవాళ్ల రక్షణకు 2014లో చట్టమైతే చేశారు. ఏళ్లు గడిచినా దాన్ని అమల్లోకి తేలేదు.

కాబట్టి మా కొలమానం ఇది. కబురు ఎటు పోతుందో చూడండి. బలహీనుడి మీద బలవంతుడికి చాటుగా పోయేది చాడీ. బలవంతుడి దోపిడీ మీద జనం తరఫున పోయేది ఫిర్యాదు. మొదటి దాన్ని సర్కారు జీతమిచ్చి సాకుతుంది. రెండో దాన్ని సాక్ష్యంతో సహా బొంద పెడుతుంది.

మనుషుల చెవి పోయి మిషన్ చెవి వచ్చింది

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఉద్యమ కేసులు ఎత్తేస్తామని జీవోలు ఇచ్చారు. సంతోషించాం. కేసుల కంటే ముందు పుట్టిన ఫైళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మేం కూడా ఎత్తలేదు. అది మా తప్పు కూడా.

ఫలితం తొందర్లోనే చూశాం. 2017 ఫిబ్రవరి 22న కొలువుల కోసం నిరుద్యోగుల ర్యాలీ పిలుపు ఇస్తే, తెల్లారకముందే కోదండరాం సార్ ఇంటి తలుపులు పగలగొట్టి పట్టుకుపోయారు. జిల్లాల్లో ముందస్తు అరెస్టులు. అదే జీపు, అదే కాగితం. ఎస్సై యాస మాత్రం మనది. అదే ఏడు ధర్నాచౌక్ మూసేశారు. హైకోర్టు చెప్పేదాకా, అంటే 2018 దాకా, నోరు తెరవడానికి జాగ లేదు.

2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటికి వచ్చింది. అదే ఎస్ఐబీ. నక్సలైట్ల కోసమని పుట్టిన ఎస్ఐబీ! ప్రతిపక్ష నాయకుల ఫోన్లు, జర్నలిస్టుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబర్‌లో ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. పోలీసు అధికారులే అరెస్టయ్యారు. నేరం తేల్చాల్సింది కోర్టు. కానీ ఒక సంగతికి కోర్టు దాకా పోనక్కర లేదు. ఫోన్ వినాలంటే రాతపూర్వక ఉత్తర్వు, కారణం, సమీక్షా కమిటీ ఉండాలని సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో చెప్పింది 1996లో. ఆ కట్టడి ఉన్నా ఇంత దూరం ఎట్లా వచ్చాం? జవాబు సులువు. వినేటోడే సమీక్షించేటోడు. పాలు తాగే పిల్లిని ఉట్టికి కావలి పెట్టినట్టు.

పాత రోజుల్లో కబురు మోసే పిలగాడికైనా ఒక్కోసారి మనసు కరిగేది. “అన్నా, రేపు ఇంటికాడ ఉండకు” అని చెప్పినోళ్లు ఉన్నారు. మిషన్‌కు మనసు లేదు. అందుకే ఇది పాత పుండు కాదు, కొత్త గాయం అంటున్నాం.

ఫైళ్లు తెరవండి

కాదు, కుదరదు, రాజ్యభద్రత అంటారు. కుదురుతుందని చూపించిన దేశం ఉంది. తూర్పు జర్మనీలో స్టాసీ అనే రహస్య పోలీసు ఉండేది. 1989 నాటికి దాదాపు 91 వేల మంది సిబ్బంది, వాళ్లకు కబురు మోసేవాళ్లు 1 లక్షా 80 వేల మందికి పైగా. 1990 జనవరి 15న బెర్లిన్‌లో జనం దాని ప్రధాన కార్యాలయంలోకి చొచ్చుకుపోయారు. ఫైళ్లు తగలబెట్టొద్దని కావలి కాశారు. 1991 డిసెంబర్‌లో చట్టం వచ్చింది. 1992 జనవరి నుంచి ఎవరి ఫైలు వాళ్లు చూసుకున్నారు. కట్టుకున్న భర్తే తన మీద రిపోర్టులు ఇచ్చాడని తెలుసుకున్న ఉద్యమకారిణి ఉంది. ఫైళ్లు తెరిస్తే ఊళ్లు తగలబడతాయని భయపెట్టినోళ్లు అక్కడా ఉన్నారు. ఊళ్లు తగలబడలేదు.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. 1969 నుంచి 2014 దాకా తెలంగాణ ఉద్యమకారుల మీద పెట్టిన నిఘా ఫైళ్లను తగలబెట్టకుండా భద్రపరచాలి. ఎవరి ఫైలు వాళ్లకు చూపించాలి. నిఘా సంస్థలను సమాచార హక్కు చట్టం నుంచి మినహాయించే 24వ సెక్షనే, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన సమాచారాన్ని ఆ మినహాయింపు నుంచి తీసేసింది. ఆ దారి తెరిచే ఉంది.

రెండు. రాయించుకున్న అధికారి పేరు, హోదా, చెల్లించిన సొమ్ము బయటికి రావాలి. లెక్క అడగరాని పద్దు ఏదీ ప్రజల సొమ్ముతో నడవొద్దు.

మూడు. నయీంను పోషించిందెవరో, ఆ హత్యల వెనుక ఎవరున్నారో పోలీసులతో సంబంధం లేని న్యాయ విచారణ తేల్చాలి. 2014 తర్వాతి ఫోన్ ట్యాపింగ్‌కూ అదే న్యాయం. ఏ పార్టీ సర్కారుకైనా అదే న్యాయం.

నాలుగు. విద్యార్థులకు, ఉద్యోగులకు పోలీసు వెరిఫికేషన్‌లో వ్యతిరేకంగా రాసిన ప్రతి మాటా రాతపూర్వకంగా తెలియజెప్పాలి. జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి.

అయిదోది సర్కారుకు కాదు, మనకు. ఫైలులో దోస్తు పేరు కనబడితే చెయ్యి ఎత్తొద్దు. వెలివెయ్యొద్దు. ఆ దోస్తును పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే అడుగుదాం. నీ మెడకు తాడు వేసిందెవరు? ఆ పేరు చెప్పడానికి భయపడొద్దు, మేమున్నాం అని చెబుదాం. గుడి అరుగు మీద పది మంది మళ్లీ కలిసి కూర్చోవాలంటే ఇదొక్కటే బాట.

తమ్మీ, నువ్వు ఇది చదువుతున్నావని మాకు తెలుసు. ప్రతి వారం ఈ పేజీలో మేమేం రాశామో ఎర్ర గీత గీసి పైకి పంపేది నువ్వే కావచ్చు. పంపు. ఈసారి ఒక్క గీత కూడా విడవకుండా పంపు. మేం చాటుగా ఏమీ మాట్లాడలేదని నీ సారుకు చెప్పు. ఆయన చాటుగా చేసిందంతా వెలుగులోకి రావాలని అడుగుతున్నామని కూడా చెప్పు. ఆ తర్వాత ఈ కాగితం తీసుకుని మన అరుగు మీదికి రా. నీ జాగ ఖాళీగానే ఉంది.

జై తెలంగాణ!